ఆరుబయటి చిత్రలేఖనము: సాహసమా, స్మృతియా?

మన ప్రబంధకవులు సూర్యోదయమును, చంద్రోదయమును, ఋతువులను, పర్వతములను వర్ణింపక కావ్యమును ముగించినవారు కారు. అష్టాదశవర్ణనలు కావ్యమున కంగములని లాక్షణికులు శాసించిరి. ఆ వర్ణనలు చేయుటకుఁ గవి యిల్లు కదలి పోవలసిన పని లేదు. పూర్వకవుల పద్యములు పదింతలు చదివినవాఁడు కన్నులు మూసికొనియే వసంతమును వర్ణింపఁగలఁడు. ఇది దోషమని నే ననుటలేదు. సంప్రదాయము గూడ నొక కన్నే. కాని చూచి వర్ణించుటకును, చదివి వర్ణించుటకును గల భేద మెట్టిదను ప్రశ్న మన సాహిత్యవిమర్శనమున నేఁటికిని దెగలేదు. ఆ ప్రశ్నను దేల్చుటకుఁ గవుల గ్రంథములకంటెఁ జిత్రకారుల యనుభవమే మన కెక్కువ తోడ్పడునని నాకుఁ దోఁచుచున్నది. చిత్రకారుఁడు బయలున నిలిచి, యెదుటఁ గొండను, చేతఁ గుంచెను బెట్టుకొని పనిచేయును. కొండ యొకవైపు, పట మొకవైపు నుండుటచేఁ దాఁ జూచినదేదో, చూడక యూహించినదేదో వెంటనే బయటఁబడును.

అందును, బాల్యమునుండి శిక్షణము పొందిన వృత్తిచిత్రకారునికంటె, నడివయస్సునఁ గుంచెఁ బట్టి నేర్చికొన్న వినోదచిత్రకారుని సాక్ష్యము విలువగలది. మొదటివానికిఁ దా నెట్లు నేర్చెనో జ్ఞప్తియందుండదు. రెండవవానికిఁ దాను దొట్రిలిన ప్రతిమెట్టును గుర్తుండును. అట్టి సాక్ష్యములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది విన్‌స్టన్ చర్చిల్ రచించిన ‘పెయింటింగ్ యాజ్ ఎ పాస్‌టైమ్’ అను వ్యాసము. ఇది 1921 డిసెంబరు, 1922 జనవరి నెలలయందు స్ట్రాండ్ మాసపత్రికలో రెండు భాగములుగా వెలువడెను. 1932లో నాతని వ్యాససంపుటమునఁ జేరెను. 1948లోఁ జిత్రముల ప్రతికృతులతో వేఱుగాఁ జిన్న పుస్తకమయ్యెను. ఆ పేరు విన్నంతనే భారతీయుల మనస్సునఁ గలుగు కలఁతను నేను మఱచి యీ విమర్శకుఁ బూనుకొనలేదు. ఆ సంగతి తుదిని జెప్పెదను. ముందుగా వ్యాసమును వ్యాసముగాఁ జదువుట న్యాయము.

వ్యాసమునఁ గథాభాగము మనోహరము. 1915 వ సంవత్సరమున డార్డనెల్సు జలసంధిపై జరిగిన నౌకాదాడి విఫలము కాఁగా, నౌకాశాఖాధిపత్యము వహించియున్న చర్చిల్ ఆ పదవిని గోలుపోయెను. అప్పటికి వయస్సు నలువది. నిన్నటిదాఁక నౌకలను నడిపినవాఁడు నేఁడు చేయఁ బనిలేక, సర్రీ మండలములో హో ఫారమ్ అను పల్లెటియింట వేసవి గడపుచుండెను. తమ్ముని భార్య తోఁటలో నీటిరంగులతో బొమ్మ వేయుచుండఁగాఁ జూచి, పిల్లల రంగులపెట్టె తీసికొని తానును బ్రయత్నించెను. పిదపఁ దైలవర్ణములు తెప్పించెను. ఆకాశము నీలముగా నున్నది. పలకపై నీలమును దెలుపును గలిపి, తెల్లని కాన్వాసుపై మిక్కిలి భయముతోఁ జిక్కుడుగింజయంత చుక్క యొకటి పెట్టి, యటుపైఁ జేయి సాగక నిలిచిపోయెను. ఇంతలో లావరీ యను చిత్రకారుని భార్య మోటారుబండిలో వచ్చెను. ఆమెయుఁ జిత్రకారిణియే. సందేహమేల యని యాతనిచేతి కుంచె తీసికొని, పెద్దకుంచెలతో రంగును దట్టముగాఁ గలిపి, కాన్వాసుపై నాలుగు పెద్ద పూఁతలు పూసెను. కాన్వాసు తిరిగి కొట్టలేదు. చర్చిల్ భయము వదలెను.

ఈ కథనుండి రచయిత తీసిన సిద్ధాంత మొక్కటి: వినోదచిత్రకారునకుఁ బ్రథమగుణము సాహసము. యౌవనమున రేఖాభ్యాసము చేయుటకుఁ గాలము లేనివాఁడు కళాఖండములను సృష్టింపఁ గోరరాదు, రంగులపెట్టెలో విహరించి సంతోషించిన జాలునని యాతని తాత్పర్యము. నీటిరంగులకంటెఁ దైలవర్ణములు మేలని చెప్పుటయు నిందుకే. నీటిరంగు కాగితమునఁ బడిన పిమ్మటఁ దుడుచుట కష్టము. తైలవర్ణ మట్లు కాదు. ఉదయమంతయుఁ బడిన పాటు నచ్చకున్నచో రంగుకత్తితో నొక్కమాఱు గీఁకివేసి మరల మొదలుపెట్టవచ్చును. మొదట ముదురువన్నె పూసి దానిపై లేఁతవన్నె వేయవచ్చును. తప్పు దిద్దుకొన వీలున్న చోట ధైర్యము పుట్టుట సహజమే.

కథ చక్కనిదే కాని సిద్ధాంతము చాలదు. సాహసము భయమను రోగమునకు మందు. రోగము కుదిరిన పిమ్మటఁ దినవలసిన యన్నము వేఱు. ఆమె పూసిన నాలుగు పూఁతలవలన నాతని చేయి కదలినది నిజమే. కాని యాకాశ మే నీలమున నున్నదో యా పూఁతలు నేర్పలేదు. కుంచెకు ధైర్యము వచ్చిన మాత్రమునఁ గంటికిఁ జూపు రాదు. ప్రతి యాదివారమును బయలికిఁ బోయి, ధైర్యముతోఁ బటములు నింపి, పదియేండ్లు గడచినను మొదటినాఁటి పటమునే మరల మరల వేయు వినోదచిత్రకారు లెందఱో కలరు. వారికి లోపించినది సాహసము కాదు.

ఆరుబయట బొమ్మ వేయువాఁ డెదుర్కొను చిక్కు లేవో చూచినచో నిది తేటపడును. చెట్టు పచ్చన యని మనకుఁ దెలియును. కావునఁ బచ్చరంగు తీయుదుము. నిజమున సాయంకాలమున నాచెట్టు సగము బంగారువన్నెయు, సగ ముదారంగునై యుండును. నీడ నల్లన యని తెలియును. కాని యెండకాచు బయలున నీడమీఁద నాకాశపు నీలము ప్రతిఫలించును. ఆకాశ మంతయు నొక్కటే నీల మనుకొందుము. తలపై ముదురుగా నున్నది దిఙ్మండలమునకు దిగుకొలఁది వెలవెలఁబాఱును. దూరపుఁగొండ దగ్గఱికొండకంటె నీలముగాఁ గానవచ్చుటకు నడుమనున్న వాయువు చెదరఁగొట్టు వెలుతురే కారణము. తెలిసినదానిని వేయుట మాని కనఁబడినదానిని వేయుటయే మొదటి కష్టము.

రెండవ కష్టము సూర్యునిది. పటము మొదలిడినప్పు డెడమవైపున నున్న నీడ రెండుగంటలలో స్థలము మాఱును. నీడ వెంటఁ బరుగెత్తువాని పటమున రెండు సూర్యు లుందురు. అందుచే నేర్పరి మొదటి కొలఁది నిమిషములలోనే నీడల హద్దులను నిర్ణయించి, పిదపఁ బ్రకృతి మాఱినను దాను మాఱకుండును. మూఁడవది, ఎండ తెల్లని కాన్వాసుపైఁ బడినచోఁ గన్ను మిఱుమిట్లు గొని, వేసిన రంగు లన్నియుఁ బ్రకాశవంతములుగాఁ దోఁచును. ఇంటికిఁ దెచ్చి చూచినచో బొమ్మ మసకబాఱి యుండును. ఈ మూఁడింటిలో నే యొక్కటియు సాహసముచేఁ దీఱునది కాదు.

చర్చిల్ ఈ సంగతి నెఱుఁగనివాఁడు కాఁడు. వ్యాసముయొక్క రెండవభాగమునఁ దన సిద్ధాంతమునకుఁ దానే చక్కని సవరణ చేసియున్నాఁడు. కాని దానిని సవరణ యని చెప్పలేదు. అది యాతఁడు వాడిన రెండు పోలికలను బక్కపక్కన నుంచి చూచినఁ దెలియును.

మొదటిపోలిక యుద్ధము. చిత్రము వేయుట యుద్ధము చేయుటవంటి దనియు, సేనాపతి ముందు స్థలమును బరిశీలించి వ్యూహము పన్ని, కొంతబలమును వెనుక నుంచుకొన్నట్లు చిత్రకారుఁడును జేయవలె ననియు నాతఁడు చెప్పును. ఇందుఁ గొంత నిజము కలదు. పటములో నెల్లకంటె వెలుఁగైన చో టేది, ఎల్లకంటె ముదురైన చో టేది యని ముందే నిర్ణయింపక, తొలుతనే తెల్లరంగంతయు వెచ్చించినవానికిఁ దుది వెలుఁగు చూపుటకు బలము మిగులదు. కాని పోలిక సగము దూరమే నడచినది. యుద్ధమున నెదుట నున్నవాఁడు శత్రువు. వానిని లోఁబఱచుకొనుట ఫలము. కొండ మనకు శత్రువు కాదు. దానిని లోఁబఱచుకొనఁ దలఁచినవాఁడు దానిని జూడఁజాలఁడు. ఈ యుపమ వర్ణ్యమునకంటె వక్తనే యెక్కువగాఁ బట్టి యిచ్చుచున్నది.

రెండవపోలిక తపాలాకచ్చేరి. ప్రకృతినుండి బయలుదేఱిన వార్త కాన్వాసునకుఁ జేరుటకు ముందు నడుమ నొక కచ్చేరిలో దిగును. అక్కడఁ గాంతిభాష వర్ణభాషలోనికి సంకేతలిపిగా మాఱును. చిత్రకారుఁడు ముందు వస్తువును జూచును, పిదప రంగులపలకను జూచును, ఆ తరువాతఁ గాన్వాసును జూచును. కాన్వాసుపైఁ గుంచె యానునప్పటికి వస్తువు కన్నులయెదుట లేదు, మనస్సునందే కలదు. కాఁబట్టి యెదుట నుండి వేసినదియు జ్ఞప్తినుండి వేసినదే. ఈ వాక్యములు వ్రాసినప్పుడు చర్చిల్ సేనాపతిత్వము మాని విద్యార్థి యయ్యెను. వ్యాసమున నిదియే శిఖరమని నా మతము.

మఱియు, చిత్రలేఖనమున స్మృతికిఁ గల పాలెంతయో యెవ్వరైనఁ బరిశోధించినఁ బాగుండునని యాతఁడు కోరెను. రూపమును గ్రిందియంతస్తునఁ జూచి, పై యంతస్తునకుఁ బోయి వేసి, నేర్పు హెచ్చుకొలఁది నింకను బైకిఁ బోవు శిక్షణపద్ధతి నొకదానిని సరసముగా వర్ణించెను. నిజమున నీ పరిశోధన యాతని కోరికకు ముందే జరిగినది. పందొమ్మిదవశతాబ్దిలోఁ బారిసునందు లకాక్ ద బ్వాబోద్రాన్ అను నుపాధ్యాయుఁడు స్మృతిచేఁ జిత్రించుటను గ్రమశిక్షణముగా నేర్పి, దానినిగూర్చి గ్రంథము వ్రాసెను. రోదాన్, ఫాంతాన్ లాతూర్ వంటివా రాతని శిష్యులు. ఈ విషయమును దడవకుండుట వ్యాసమునకు లోపమే. వినోదచిత్రకారునకు శిక్షణము వలదన్నవాఁడే తన యనుభవముచే శిక్షణముయొక్క గర్భమును దడవి, యది శిక్షణమని గుర్తింపక విడిచెను.

మన సాహిత్యమున నీ విషయము చిరపరిచితము. మాళవికాగ్నిమిత్రమునఁ గాళిదాసు డగ్నిమిత్రునిచే నొక మాట పలికించెను. పటమునఁ జూచిన మాళవిక యంత చక్కనిది యుండునా యని మొదట శంకించిన రాజు, రంగమునఁ దానే యామెను జూచిన పిమ్మట, ఆ చిత్రకారుఁడు శిథిలసమాధి యని తలఁచెను. సమాధి యనఁగా నిచటఁ జిత్తైకాగ్రత. చిత్రము తక్కువపడుటకుఁ గారణము చేతిలోఁ గాక చిత్తమునఁ గలదని మహాకవి నిర్ణయము. చర్చిల్ సాహసమనుచోటఁ గాళిదాసు సమాధి యన్నాఁడు. ఈ రెండుమాటల నడుమనే మన విమర్శ యంతయు నున్నది. సాహస మారంభించును, సమాధి వృద్ధిపొందించును.

అభిజ్ఞానశాకుంతలము షష్ఠాంకమున నింకను దగ్గఱి నిదర్శనము కలదు. దుష్యంతుఁడును వృత్తిచిత్రకారుఁడు కాఁడు, రాజ్యభారము వహించినవాఁడు. అతఁడు శకుంతలను జిత్రించి, పటము పూర్తి కాలేదనియు, నింకను మాలినీనది నిసుకతిన్నెపై హంసల జంటతో వ్రాయవలె ననియు, దాని కిరుగడల లేళ్లు విశ్రమించు హిమవత్పాదములను వ్రాయవలె ననియు, నారచీరలు వ్రేలాడు చెట్టును, దానిక్రింద నల్లయిఱ్ఱికొమ్మునఁ గన్ను రాచికొను లేడిని వ్రాయవలె ననియుఁ జెప్పును. నది యెదుట లేదు, కొండ లేదు, లేడి లేదు. అయినను కొమ్మునకుఁ దాఁకినది యెడమకన్నని కూడ నాతఁడు మఱవలేదు. చూచినప్పుడు చూచినట్టి చూపు గనుకనే తలఁచినప్పుడు వచ్చినది. బయలునఁ బెక్కుపటములు వేయుటకంటె, నొక్కదృశ్యమును జూచి, యింటికి వచ్చి జ్ఞప్తిచే వేసి, మఱునాఁ డక్కడికే పోయి తప్పులు చూచుకొనుట యెక్కువ నేర్పునని చెప్పుటకు నింతకంటె నుదాహరణము వలయునా?

చర్చిల్ నిజముగా నభివృద్ధి పొందెనా యనునది తరువాతి ప్రశ్న. పొందెననియే నేను జెప్పుదును. 1921లోఁ బారిసునందుఁ జార్లెస్ మోరిన్ అను మాఱుపేరుతోఁ జిత్రములు ప్రదర్శించెను. 1947లో డేవిడ్ వింటర్ అను మాఱుపేరుతోఁ బంపిన రెండుపటములను లండను రాయల్ అకాడమీ స్వీకరించెను. జీవితకాలమున నైదువందలకు మించిన పటములు వేసెను. ఇవి కేవలము పేరునుబట్టి వచ్చిన గౌరవములు కావు. అభివృద్ధికిఁ గారణము మాత్రము సాహసమొక్కటియే కాదు. శిక్షణ మక్కఱలేదన్న యాతఁడే లావరీయొద్దను, 1927లో సికర్టుయొద్దను, పిమ్మట విలియమ్ నికల్సన్‌యొద్దను బాఠములు నేర్చెను. సికర్టు నేర్పినది ఛాయాచిత్రమును దీపయంత్రముతోఁ గాన్వాసుపైఁ బఱపి గీఁతలు గీయుపద్ధతి. అది రేఖాదౌర్బల్యమును గప్పిపుచ్చునే కాని పోఁగొట్టదు. తుదివఱకు నాతనికి వర్ణము బలమును, రేఖ బలహీనతయునై నిలిచినవి. మన పూర్వులు చిత్రమున కాఱంగములు చెప్పిరి. వానిలో వర్ణికాభంగ మాతనికి లభించినది. ప్రమాణము సగమే లభించినది.

వ్యాసమున నాతఁడు దేశాటనమును మిక్కిలి పొగడెను. చిత్రకారునకు యాత్ర కొక ప్రయోజన మేర్పడు ననియు, ప్రతిస్థలమునను గ్రొత్తరంగు లెదురుచూచుచుండు ననియు నాతని మాట. కాని యాతని పటములలో నన్నెక్కువ నిలిపినది దూరదేశపు దృశ్యము కాదు. చార్ట్‌వెల్లునఁ దన యింటితోఁటలోని బంగారుచేఁపల కొలనును జూచి 1932లో వేసినది. నీటి పైభాగమును, దానియందలి ప్రతిబింబమును, లోపలఁ గదలు చేఁపలను నొక్కచూపునఁ బట్టుట సులభమైన పని కాదు. నీటిలోఁ గనఁబడు చెట్టు గట్టుపైఁ గనఁబడు చెట్టు వంటిదే కాని యదియే కాదు. వెలుఁగైన వస్తువు నీటఁ గొంచెము మసకబాఱును, ముదురువస్తువు కొంచెము తేలును. ఈ సూక్ష్మము యాత్రికునకుఁ జిక్కదు. ప్రతిదినము నదే గట్టునఁ గూరుచున్నవానికి నది దానంతటఁ జిక్కును. వ్యాసకర్తకుఁ జిత్రకారుఁడే యుత్తరము చెప్పెను.

ఇఁక మొదట నేను వాయిదా వేసిన విషయము. వ్యాసము పేరులోనే చిత్రలేఖనము కాలక్షేపమని యున్నది. అలసిన మనస్సునకు విశ్రాంతి, పోయిన పదవిని దలఁపకుండుటకు సాధనము. ఇదియే రచయిత దాని కిచ్చిన ప్రయోజనము. ఆ పేరు తక్కువది కాదు. దుఃఖమున మునిఁగినవానికిఁ గుంచె యొడ్డు చూపినచో దానిని బరిహసించుట క్రూరము. కాని యిక్కడ దుష్యంతునకును జర్చిలునకును గల భేదము కన్నులఁ గట్టును. ఒకఁడు మఱచుటకై చిత్రించెను. వేఱొకఁడు తాను మఱచినదానిని దలఁచుటకై చిత్రించెను. తాను ద్రోసిపుచ్చిన యాలిని పటమునఁ జూచుకొని రాజు కన్నీరు పెట్టెను. ఆ పటమునఁ బశ్చాత్తాపము గూడ నొక వర్ణము.

రెండవ ప్రపంచయుద్ధకాలమునఁ జర్చిల్ వేసిన పట మొక్కటియే. 1943 జనవరిలో మరాకేషునందుఁ గుతుబియా మసీదు గోపురమును, వెనుక మంచుకొండలను జిత్రించి రూజ్‌వెల్టున కిచ్చెను. 2021లో నది వేలమున ఎనుబదిలక్షల పౌనులకు మించిన ధర పలికెను. ఆ 1943 వ సంవత్సరముననే వంగదేశమున క్షామము వచ్చెను. విచారణసంఘము 1945లో మృతులు 15 లక్షలని లెక్కించెను. పిమ్మటి పండితులు 30 లక్షలవఱకుఁ జెప్పిరి. ధాన్యమునకు నోడలు కావలెనని భారతదేశమునుండి పోయిన విన్నపములను లండను మంత్రివర్గము పూర్ణముగాఁ జెల్లింపలేదు. ఆ సంవత్సరముననే జైనుల్ అబెదిన్ కలకత్తావీధులలో నాఁకటఁ బడియున్నవారిని జౌకకాగితముపై నల్లసిరాతో గీచెను. ఈ రెంటిని బక్కపక్కన నుంచుట కుంచెపై నేరము మోపుటకుఁ గాదు. మరాకేషు గోపురము వేయకున్నంతమాత్రమున వంగదేశమున కన్నము దొరకదు. నే నడుగున దొక్కటియే. నీడలోని యూదావన్నెను బట్టఁగల కన్ను మనుష్యుని యాఁకలిని దానంతటఁ బట్టునా? పట్టదని చరిత్ర చెప్పుచున్నది. చూపు నేర్చుట మంచితనము నేర్చుట కాదు. కళ మనుష్యుని సంస్కరించునని మనము తఱచుగా నను మాట కిది గట్టి హెచ్చరిక. దీనిని దాఁచి వ్యాసమును మెచ్చుట విమర్శకధర్మము కాదు.

అయినను వ్యాసము మెచ్చఁదగినదే. నలువదియేండ్ల వయస్సునఁ జేతకానిపని మొదలిడి, తన భయమును, దన తప్పును దాఁపక చెప్పుట ప్రభువులలో నరుదు. ఆరంభించువాని కా మొదటిభాగము ధైర్య మిచ్చును. కాని పదిపటములు వేసిన పిమ్మటఁ జదువవలసినది రెండవభాగము. నీటిరంగులపెట్టె చంకఁబెట్టుకొని గోదావరిగట్టునకో, యూరిచెఱువుకడకో పోవు మన యువకులకు నేను జెప్పునది యింతే: ముందు పెద్దకుంచెతోనే మొదలిడుఁడు, భయపడకుఁడు. పిమ్మట కుంచె క్రిందఁబెట్టి, యొక్కచెట్టును బావుగంట యూరక చూడుఁడు. ఇంటికి వచ్చి దానిని జ్ఞప్తిచే వేయుఁడు. మఱునాఁడు మరలఁ బోయి, యే కొమ్మ నబద్ధముగా వేసితిరో చెట్టునే యడుగుఁడు. వర్ణన వ్రాయు కవులకును నా సలహా యిదియే.